ఫిట్ ఆనందరావు

ఖిదిర్‌పూర్ రేవు వెనక ఉన్న తెలుగువాళ్ళ లైన్లలోకి వెళ్ళి ఆనందరావు ఇల్లెక్కడని అడిగి చూడండి. ఏ ఆనందరావని ఎదురు ప్రశ్న వేస్తారు. క్రేన్ ఆనందరావు ఉన్నాడు, చర్చి ఆనందరావు ఉన్నాడు, చేపల ఆనందరావు ఉన్నాడు. అదే ఫిట్ ఆనందరావు అన్నారనుకోండి, కుళాయి దగ్గర బిందె పెట్టుకుని కూర్చున్న ముసలమ్మ కూడా నోరు విప్పకుండానే చెయ్యి చాపి చూపించేస్తుంది. మూడో లైను, చివరి గది, తలుపుకి నీలం రంగు.

ఆ పేరంటే ఆయనకి ఇష్టమా అంటే, ఒకప్పుడు ఇష్టమే. మీసం మెలేసుకునేటంత ఇష్టం. తరవాత ఆ పేరు చెవిన పడ్డప్పుడల్లా తల దించుకోవడం మొదలుపెట్టాడు. వయసు మీద పడింది కదా, పెద్దరికం వచ్చిందనుకున్నారు జనం.

ఇంగ్లీషువాడు వదిలిపెట్టి పోయిన మాటల్లో ఈ లైన్లకి ఫిట్ చేసినంత ఊడిగం ఇంకే మాటా చేసి ఉండదు. కుళాయికి కొత్త వాషరు వేసినా ఫిట్ చెయ్యడమే, గోడకి బల్బు బిగించినా ఫిట్ చెయ్యడమే. జాకెట్టు కుట్టించుకున్న పిల్లని పక్కింటావిడ అటూ ఇటూ తిప్పి చూసి ఫిట్టుగా ఉందంటుంది. సంబంధం చూసొచ్చినవాళ్ళు కుర్రాడు మన పిల్లకి ఫిట్టేనని చెప్పేసి టీ తాగుతారు. కామెర్లొచ్చి లేచినవాణ్ణి ఫిట్టేనా అని అడిగితే ఫిట్టే అంటాడు, కళ్ళు ఇంకా పచ్చగానే ఉన్నా సరే. ఇంత మంచి మాటకీ చివర ఒక్క సున్నితమైన స్ అంటిస్తే చాలు, తల్లులు హడలిపోతారు. పసిపిల్లలు కళ్ళు తేలేసి కొట్టుకునే జబ్బు పేరు అది.

ఆనందరావుకి ఆ మాట అన్నం పెట్టింది. సోంపేట వైపు నుంచి తండ్రి వెంట పదిహేనేళ్ళ వయసులో ఇక్కడికొచ్చి, ఓడల్లో సరుకు దింపే ఒక కాంట్రాక్టు కంపెనీ డిస్పెన్సరీలో డ్రెస్సరుగా కుదిరాడు. పుళ్ళు కడగడం, కట్లు కట్టడం అసలు పని. కానీ ఆయన్ని అక్కడ ముప్పై ఏళ్ళకి పైగా నిలబెట్టింది అది కాదు, నాలుక. డాక్టర్లందరూ బెంగాలీవాళ్ళు. బస్తాలు మోసేవాళ్ళలో సగంమంది శ్రీకాకుళం వాళ్ళు. వీళ్ళ నొప్పి వాళ్ళకి అర్థమయ్యేట్టు చెప్పే మనిషి మధ్యలో ఒకడుండాలి కదా! ఆ మనిషి ఆనందరావు. డాక్టర్లు మారిపోయేవారు, ఆయన మాత్రం ఆ బల్ల పక్కనే ఉండిపోయాడు.

బల్ల మీద రెండు రబ్బరు ముద్దరలుండేవి. ఒకటి ఫిట్, రెండోది అన్‌ఫిట్. జబ్బు చేసి రెండు రోజులు నాగా పెట్టినవాడు మళ్ళీ పనిలోకి రావాలంటే మొదటి ముద్దర పడాలి. రెండోది పడితే ఇంటికి పోవాలి, పోతే కూలి లేదు. అందుకే మొదటిది అరిగిపోయి అక్షరాల అంచులు గుండ్రమైపోయాయి, రెండోది కొత్తదానిలా మెరుస్తూ ఉండేది.

సాన్యాల్ డాక్టరని ఒకాయనుండేవాడు. రోగులు లేని మధ్యాహ్నాల్లో టీ తాగుతూ ఆనందరావుకి ఇంగ్లీషు చెప్పేవాడు. ఫిట్ అనేది విశేషణం, దానికి గుణం చెప్పడమే పని, దానికంటూ సొంత ఒళ్ళు ఉండదు అనేవాడు. ఇంకాస్త ఫిట్టయితే ఫిట్టర్, అందరికన్నా ఎక్కువైతే ఫిట్టెస్ట్ అని వేళ్ళ మీద చెప్పేవాడు. ఫిట్టరంటే పానా పట్టుకుని తిరిగేవాడు కదండీ అని ఆనందరావు తెల్లబోతే, ఆయన పొలమారేదాకా నవ్వాడు. ఇంకో రోజు ముద్దర చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. “ఇదిగో ఆనంద్, ఈ మాటకి రెండు వైపులా ఏదో ఒకటి ఉండాలి. ఎవరు ఫిట్? దేనికి ఫిట్? తాళంచెవి ఫిట్ అంటే ఏ తాళానికో చెప్పాలి కదా. మన ముద్దరలో దేనికన్న ముక్కే లేదు చూశావా,” అన్నాడు. ఆనందరావు అవునండీ అన్నాడు. పెద్దాయన ఏదో సరదాకి అంటున్నాడనుకున్నాడు, అంతే.

ఇక్కడ తువ్వాలు సంగతి చెప్పాలి. అది ఈ లైన్లవాళ్ళకి తప్ప బయటివాళ్ళెవరికీ తెలియదు.

మనవాళ్ళకొక గుణముంది. రోజంతా బండబూతులు వినే మనిషిని ఎవరైనా కాస్త మెత్తగా, ఏం బాబూ ఎక్కడ నొప్పి అని అడిగారా, ఇంక చూసుకోండి! మోకాలి నొప్పి దగ్గర మొదలుపెట్టి ముత్తాత కాలంనాటి దగ్గుదాకా అంతా గుమ్మరిస్తారు. డాక్టరు ముందు అలా గుమ్మరిస్తే పడేది రెండో ముద్దరే. అందుకని ఆనందరావు ఒక ఏర్పాటు చేశాడు. పనిలోకి పోదలుచుకున్నవాడు తువ్వాలు ఎడమ భుజం మీద వేసుకుని రావాలి. నాలుగు రోజులు ఇంట్లో పడుండాలనుకున్నవాడు కుడి భుజం మీద వేసుకోవాలి. లోపలికొచ్చాక నోటితో ఏమన్నా చెప్పుకోనీ, ఆనందరావు తువ్వాలు చూసి దానికి తగ్గట్టు బెంగాలీలో చెప్పేవాడు. ఊరి నుంచి కొత్తగా దిగినవాళ్ళకి నీళ్ళ కుళాయి ఎక్కడో చెప్పినట్టే ఇదీ చెప్పేవారు. పాతికేళ్ళు ఒక్క డాక్టరూ పసిగట్టలేదు. తను లేకపోతే సగం లైన్లు పస్తులుండేవని ఆనందరావు అనుకునేవాడు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు కూడా.

కూర్మయ్య వచ్చింది ఇరవై రెండేళ్ళ క్రితం, చలికాలం వెళ్ళిపోతున్న రోజుల్లో.

కూర్మయ్య పక్క లైనువాడు. అతని భార్య అప్పమ్మది ఆనందరావు ఊరికి రెండు కోసుల దూరం. ఆ కాస్త దగ్గరితనానికే ఆవిడ అన్నా అని పిలిచేది, ఆ వరసన కూర్మయ్య బావయ్యాడు. జ్వరమని రెండు రోజులు పనిలోకి వెళ్ళలేదు. మూడోరోజు పొద్దున్నే ముద్దర కోసం వచ్చి వరసలో నిలబడ్డాడు. ముందు పదకొండు మంది ఉన్నారు. తన వంతు వచ్చేసరికి మొహం తుడుచుకుని, మెడ తుడుచుకుని, తువ్వాలు భుజం మీద పడేసుకున్నాడు.

ఎడమ భుజం.

“గుండెల్లో పట్టేస్తన్నాది బావా,” అన్నాడు కూర్మయ్య. “ఎడం సెయ్యి లాగేస్తన్నాది. మెట్లెక్కితే ఊపిరాడ్డం నేదు.”

ఆనందరావు తువ్వాలు చూశాడు. డాక్టరు వైపు తిరిగాడు. “గ్యాస్ అండీ. ఎండుచేపలు తిన్నాడట. ఇప్పుడు ఫిట్,” అన్నాడు.

ముద్దర పడింది. ఆ డాక్టరు సాన్యాల్ కాదు, ఆయన అప్పటికే రిటైరైపోయాడు. కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు తల కూడా ఎత్తలేదు. కూర్మయ్య చీటీ పుచ్చుకుని, ఇంకేదో చెప్పబోతున్నట్టు ఒక్క క్షణం నిలబడ్డాడు. వెనకవాడు తోశాడు. వెళ్ళిపోయాడు.

ముద్దర పడిన మూడురోజులకి కందుల బస్తాలు దింపుతుంటే, ఓడ అడుగు నుంచి నిచ్చెన ఎక్కుతూ పైమెట్టు దగ్గర పట్టు వదిలేశాడు. కాలు జారిందన్నారు. కాగితాల్లోనూ అదే రాశారు, తలకి దెబ్బ తగిలి మరణం అని. శవాన్ని డిస్పెన్సరీకి తెస్తే కడిగి కట్టు కట్టింది ఆనందరావే. తల వెనక దెబ్బ చిన్నది. ఆ దెబ్బకి చచ్చిపోయే మనిషి కాడు కూర్మయ్య. ముప్పై ఏళ్ళు గాయాలు కడిగినవాడికి ఆమాత్రం తెలియదా? తెలుసు. చలికాలం పొద్దున్నే, నీడపట్టున నిలబడ్డ మనిషికి మొహం తుడుచుకునేంత చెమట ఎందుకు పట్టిందో కూడా ఆ కట్టు కడుతున్నప్పుడే తెలిసింది. పనిలోకి పోతానని కూర్మయ్య ఆ తువ్వాలు అటు వేసుకున్నాడా, చెమట తుడుచుకుని ఎటు పడితే అటు పడేసుకున్నాడా? ఈ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పగలిగినవాడు బల్ల మీద కళ్ళు మూసుకుని ఉన్నాడు.

ఆనందరావు ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నుంచి తువ్వాలు చూడటం మాత్రం మానేశాడు. చెప్పిందంతా చెప్పినట్టు డాక్టరుకి చెప్పడం మొదలుపెట్టేసరికి, చీటీలు దొరకనివాళ్ళు ఆనందరావుకి పొగరెక్కిందని తిట్టుకున్నారు. తిట్టనిచ్చాడు. అప్పమ్మ కోసం ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, ఆవిడకి కార్పొరేషన్లో వీధులు ఊడ్చే పని వేయించాడు. అప్పటికి రెండేళ్ళవాడైన కొడుకు భానుని, ఈడొచ్చాక బడిలో వేసిందీ ఆయనే. దేవుడిచ్చిన అన్న అని అప్పమ్మ లైనంతా చెప్పుకుంది. ఆనందరావు భార్య దుర్గాదేవి పోయాక, ఒక్కగానొక్క కూతురు షాలిమార్ అవతల కాపురానికి వెళ్ళిపోయాక, ఆయనకి రెండుపూటలా అన్నం అప్పమ్మ ఇంటి నుంచే వచ్చేది. ఆ అన్నం ఆరేళ్ళుగా తింటున్నాడు. ఎలా మింగుడుపడేదో ఆయనకే తెలియాలి.

మొన్న వర్షాలు మొదలైన రోజుల్లో భాను గ్యాస్ బండ భుజాన వేసుకుని ఆయన గదికి తెచ్చాడు. మంచి పొడగరి, ఇరవై నాలుగేళ్ళవాడు. బండ గుమ్మంలో దింపి అక్కడే కూలబడ్డాడు. చెయ్యి గుండెల మీద ఉంది.

“ఏటైనాదిరా?” అన్నాడు ఆనందరావు.

“ఏటీ నేదు మావా. గేస్. ఈమద్దిన అప్పుడప్పుడు ఇలగే పట్టేస్తన్నాది.”

ఆనందరావు వాడి మొహంలోకి చూశాడు. పైపెదవి మీద చెమట. చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పిన పిల్లాడి మొహం కాదది, ఇరవై రెండేళ్ళ కిందట ముద్దర బల్ల ముందు నిలబడ్డ మొహం. ఆసుపత్రికి పోదాం పదరా అంటే, తరవాత చూద్దాంలే మావా అని లేచి వెళ్ళిపోయాడు.

వారం తిరక్కుండానే అప్పమ్మ మొహం చేటంత చేసుకుని వచ్చింది. భానుకి రేవులో లాషింగ్ పని కుదిరిందట. ఓడ మీద పేర్చిన కంటైనర్ల మధ్య ఎక్కి, వాటిని పొడవాటి ఇనపకడ్డీలతో బిగించే పని. మెడికల్ పరీక్ష ఒక్కటే మిగిలింది.

“నువ్వు కూడా ఎల్లన్నా,” అంది. “ఆడికి బెంగాలీ వొచ్చు, నిజమే. అయినా నువ్వు పక్కనుంటే ఫిట్టే. నీ సెయ్యి మంచిది.”

ఆనందరావు భానుని పక్కకి పిలిచి ఆ పని వద్దురా అన్నాడు. మరేటి పని సెయ్యమంటావు మావా అన్నాడు వాడు. ఎందుకొద్దో చెప్పమన్నాడు. ఎందుకొద్దో చెప్పాలంటే అక్కడితో ఆగదు, మీ నాన్న ఎలా పోయాడో చెప్పాలి. చెప్పాక ఆ ఇంటి గడప తొక్కే మొహం ఉంటుందా? ఈ వయసులో ఆయనకున్న తోడబుట్టిందీ ఆవిడే, కొడుకూ వాడే. చెప్పకుండా ఊరుకుంటే వాడు నిచ్చెన ఎక్కుతాడు. చివరికి ఆనందరావు, సరే పద, నేనూ వస్తాను అన్నాడు. డాక్టరే కనిపెడతాడులే, తను చెప్పే పని ఉండదులే అని లోలోపల ఒక పిరికి ఆశ.

కంపెనీ డాక్టరు గది బస్సు స్టాండు ఎదురుగా ఉంది. వరండాలో ముప్పై మంది కుర్రాళ్ళు. లోపల చిన్న వయసు డాక్టరమ్మ, ముందు ఫారాల కట్ట. ఇక్కడ తెలుగు నోటితో ఎవరికీ పని లేదు. భాను బెంగాలీ అక్కడ పుట్టినవాడి బెంగాలీ. ఆనందరావు మూలనున్న స్టూలు మీద కూర్చున్నాడు.

బరువు, ఎత్తు, కళ్ళు అయ్యాయి. స్టెతస్కోపు రెండు చోట్ల పెట్టి తీసేసింది. గుండె వేగం కాస్త ఎక్కువుంది, భయపడుతున్నావా అంది. అవునక్కా అని భాను నవ్వాడు. ఆవిడ కూడా నవ్వి ఫారం మీదికి వంగింది.

“తల్లి?”

“ఉంది. బాగానే ఉంది.”

“తండ్రి?”

“లేడు. ఓడలో కాలు జారి పడిపోయాడు. నాకప్పుడు రెండేళ్ళు.”

“ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు?”

“లేదు,” అన్నాడు భాను.

పాపం, వాడు అబద్ధమాడలేదు. వాడికి తెలిసిన నిజం అదే. తల్లి చెప్పింది అదే, కాగితాలు చెప్పింది అదే. డాక్టరమ్మ కలం లేదు అన్న గడి మీదికి వెళ్ళింది.

“ఉంది,” అన్నాడు ఆనందరావు.

ఇద్దరూ మూలకి తిరిగారు. ఆనందరావు స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. బెంగాలీలోనే చెప్పాడు. “ఈ కుర్రాడి తండ్రి పోవడానికి మూడురోజుల ముందు డాక్టరు దగ్గరికొచ్చాడు. గుండెల్లో పట్టేస్తోందన్నాడు. ఎడంచెయ్యి లాగుతోందన్నాడు. మెట్లెక్కితే ఊపిరాడటం లేదన్నాడు. వాళ్ళ మాట డాక్టరుకి చెప్పేవాణ్ణి నేనే. నేను గ్యాస్ అని చెప్పాను. ఫిట్ అని చెప్పాను. ఆయన కాలు జారలేదు. గుండె ఆగి పడిపోయాడు. ఈ కుర్రాడికి కూడా మెట్లెక్కితే అలాగే అవుతోంది. మొన్న నా గుమ్మంలో కూలబడ్డాడు.”

డాక్టరమ్మ కలం మూత పెట్టేసింది. భానుని మళ్ళీ బల్ల మీద పడుకోబెట్టి చాలాసేపు విన్నది. కూర్చోబెట్టి విన్నది, నిలబెట్టి విన్నది. గుండెలో ఒక చప్పుడు ఉండకూడనిది ఉందంది. పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చి, అక్కడి కాగితం వచ్చేదాకా ఈ ఫారం మీద ఏమీ రాయనంది.

భాను చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ ఒక్కసారి కూడా ఆయన వైపు చూడలేదు. బయటికొచ్చాక మాత్రం ఆగాడు. “అమ్మకి నువ్వే సెప్పు,” అన్నాడు. “నాను సెప్పను.” వచ్చిన బస్సేదో కూడా చూడకుండా ఎక్కేశాడు.

ఆనందరావు నడిచి ఇంటికొచ్చాడు. అప్పమ్మ డ్యూటీ దిగి, చీపురు గోడకి నిలబెట్టి, కాళ్ళు కడుక్కుంటోంది. ఫిట్టేనా అన్నా అంది. ఆయన గడప బయటే కింద కూర్చున్నాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. తువ్వాలు దగ్గర్నుంచి కట్టు కట్టేదాకా అంతా చెప్పాడు. తనకి అనుకూలంగా ఒక్క ముక్క కూడా కలపలేదు. ఆ రోజుల్లో అందరికీ అలాగే చెప్పేవాణ్ణి అన్న మాట నాలుకదాకా వచ్చింది, దాన్నీ మింగేశాడు.

అప్పమ్మ ఏడవలేదు. తడికాళ్ళతో అలాగే నిలబడిపోయింది.

“తువ్వాలు సూసినావు,” అంది. “మనిసిని సూళ్ళేదు.”

“సూళ్ళేదు అప్పమ్మా.”

“ఇరవై రెండేళ్ళు. కాలు జారీసినాడనుకుని నాను ఆణ్ణే తిట్టుకున్నాను. సూసుకుని ఎక్కితే ఏటయ్యేది, గుంటణ్ణి నా మీదొదిలీసి ఎల్లిపోనాడు అని సచ్చినోణ్ణి తిట్టుకున్నాను. నువ్విని ఊరుకున్నావు.”

ఆ మాట ఆనందరావుని నిలువునా కోసేసింది. ఆవిడ లోపలికెళ్ళి తలుపేసుకుంది.

రెండురోజులు ఆయన గదికి ఎవరూ రాలేదు. ఆనందరావు స్టవ్వు వెలిగించుకుని అన్నం వండుకున్నాడు. అడుగంటింది. చేతులు కడుక్కుని దాని ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు, అరవై ఎనిమిదేళ్ళ మనిషి, చిన్నపిల్లాడిలా. నిజం చెప్పేస్తే బరువు దిగుతుందని జనం అంటుంటారు. ఏం దిగడం! ఇన్నాళ్ళూ ఒక్కడే మోసింది ఇప్పుడు ముగ్గురి నెత్తినా పడింది.

మూడోరోజు పొద్దున్న తలుపు చప్పుడైంది. అప్పమ్మ. ఉతికిన చీర కట్టుకుంది, చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో కాగితాలు. వెనక పది అడుగుల దూరంలో భాను.

“ఆసుపత్రికి పోవాల,” అంది. అన్నా అనలేదు. “ఆలు సెప్పేది నాకు తెల్దు. ఈడు నాకు తగ్గించీసి సెప్తాడు, అమ్మ బయపడిపోద్దని. నువ్వు తగ్గించకూడదు. ఆలేటంటే అది నాకు సెప్పాల. నానేటంటే అది ఆలకి సెప్పాల. ఒక్క ముక్క పోకూడదు.”

ఆనందరావు చొక్కా తొడుక్కుని వెంట నడిచాడు. బస్సులో తల్లీకొడుకులు ఒక సీట్లో కూర్చున్నారు. ఆయన రాడ్డు పట్టుకుని నిలబడ్డాడు. పక్కన సీటు ఖాళీ అయినా కూర్చోలేదు.

ఆసుపత్రిలో గుండెని తెర మీద చూపించే పరీక్ష చేశారు. మధ్యాహ్నం దాటాక లోపలికి పిలిచారు. నడివయసు డాక్టరు, నిదానమైన మనిషి. కాగితం మీద గుండె బొమ్మ గీసి, ఒక గోడని పెన్నుతో మందంగా దిద్దాడు. ఆనందరావు ఆయన చెప్పింది చెప్పినట్టు తెలుగులో చెప్పసాగాడు. గుండె గోడ ఉండాల్సినదానికన్నా మందంగా ఉంది. పుట్టుకతో రక్తంలో వచ్చే జబ్బు, తండ్రి నుంచి వచ్చే ఉంటుంది. బరువులెత్తకూడదు, ఎత్తులెక్కకూడదు, పరుగెత్తకూడదు. ఎత్తితే ఉన్నట్టుండి గుండె ఆగిపోవచ్చు.

“మావా, అంత సెప్పక్కర్నేదు,” అన్నాడు భాను తెలుగులో.

“సెప్పనీ,” అంది అప్పమ్మ.

ఆనందరావు చెప్పాడు. ఆగిపోవచ్చు అన్న మాట కూడా చెప్పాడు. అప్పమ్మ కొడుకు మణికట్టు పట్టుకుంది కానీ కళ్ళు ఆయన మీంచి తియ్యలేదు. మందులు జీవితాంతం వాడాలని, ఆరునెలలకోసారి చూపించుకోవాలని, అలా ఉంటే చాలామంది ముసలితనందాకా బతుకుతారని డాక్టరు చెప్పింది కూడా అంతే పొల్లుపోకుండా చెప్పాడు. లాషింగ్ పనికి అన్‌ఫిట్ అని డాక్టరు రాశాడు. ఆ కిందే, కూర్చుని చేసే పనికి ఫిట్ అని రాశాడు. ఏ పనికి కాదో, ఏ పనికి అవునో, రెండూ వేరువేరుగా రాసి సంతకం పెట్టాడు. ఆనందరావు ఆ కాగితం తలకిందులుగా ఉండగానే చదివాడు. ఇంత చిన్న ముక్క ఆ రోజు తన ముద్దరకి ఉంటే ఎంత బాగుండేదనిపించింది. మరుక్షణమే సిగ్గుపడ్డాడు, ముద్దర ఏం చేసిందని.

డాక్టరు తండ్రి వివరాలు రాసుకోవడం మొదలుపెట్టాడు. గుండెనొప్పి అన్నది ఎవరు చూశారు, ఎవరు విన్నారు అని అడిగాడు. నేను విన్నాను అన్నాడు ఆనందరావు. డాక్టరు కళ్ళజోడు పైకి తోసుకుని ఆయన్ని, తరవాత అప్పమ్మని చూశాడు.

“ఈయన మీకేమవుతారమ్మా?” అన్నాడు.

ఆనందరావు ఆ ప్రశ్నని తెలుగులో అడిగాడు. “నాను నీకేటవుతానని అడుగుతున్నారు అప్పమ్మా.”

అప్పమ్మ కొడుకు చెయ్యి వదిలి, చీరకొంగు సర్దుకుని, నిటారుగా కూర్చుంది.

“నా పెనివిటి గుండెనొప్పి అంటే గేస్ అని సెప్పి పనికి తోలీసినోడు,” అంది. “నా కొడుక్కి అదే నొప్పొస్తే అడక్కండా నోరిప్పినోడు. రెండూ ఈడే. రెండూ సెప్పు.”

ఆవిడకి బజారు బెంగాలీ కాస్తో కూస్తో వచ్చు. ఏ మాట పోయినా తెలుస్తుంది. ఆయన నోటి వైపే చూస్తూ కూర్చుంది. భాను కూడా తలెత్తి, మూడురోజుల తరవాత మొదటిసారి ఆయన మొహంలోకి చూశాడు. డాక్టరు కలం పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

ఆనందరావు మొదటిది చెప్పాడు. ఆగకుండా రెండోదీ చెప్పాడు.